డిమినిష్డ్ కార్డ్ ఇన్వర్షన్లు: పెద్ద ఖాళీ ఎక్కడుందో చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. మేజర్, మైనర్ కార్డ్‌లు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి) మూడు పొజిషన్లలోనూ చేతికి వచ్చేశాయనీ, డిమినిష్డ్ దగ్గర మాత్రం రూట్ పొజిషన్ (కార్డ్‌కి పేరిచ్చే రూట్ స్వరం అడుగున ఉండేది) ఒక్కటే పడుతోందనీ, ఇన్వర్షన్ (అవే స్వరాల్ని తిప్పి, వేరే స్వరాన్ని అడుగున పెట్టడం) వేయబోతే వేళ్లు తడబడుతున్నాయనీ రాశారు. పాటలో దాన్ని ఎక్కడ వేయాలో తెలియడం లేదని, ఒకే కార్డ్‌కి ఒక్కో షీట్‌లో ఒక్కో పేరు కనిపిస్తోందని కూడా అన్నారు. చిన్నప్పుడు విజయవాడ ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్నారు, ఇప్పుడు 61 మెట్ల కీబోర్డు కొనుక్కున్నారు, డిసెంబరులో చర్చిలో వాయించాలి. ఇదీ మీ పరిస్థితి.

నేను గుంటూరులో ఇరవై రెండేళ్లుగా కీబోర్డు, పియానో నేర్పుతున్నాను. డిమినిష్డ్ దగ్గర ఆగిపోయినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లెవరికీ లేనిది మీకొకటి ఉంది. మీకు పన్నెండు స్వరస్థానాలు తెలుసు, గొంతులో పలుకుతాయి. అందుకే మీకు చెప్పే పద్ధతి కొంచెం వేరుగా ఉంటుంది.

ముందు ఎందుకు ఆగిపోతారో చెప్తాను. మేజర్ కార్డ్‌ని ఒక ఆకారంగా గుర్తుపెట్టుకున్నా నడిచిపోతుంది, ఎందుకంటే పాటలో లైనుకి నాలుగుసార్లు వస్తుంది. వాడగా వాడగా చేతికి అదే అలవాటవుతుంది. డిమినిష్డ్ అలా కాదు, పాట మొత్తంలో ఒకసారో రెండుసార్లో వచ్చి వెళ్లిపోతుంది. ఆకారంగా మాత్రమే నేర్చుకుంటే వారం తిరక్కుండానే మర్చిపోతాం. అది ఏ కార్డ్‌కి వెళ్తుందో ఆ కార్డ్‌తో కలిపి, జంటగా నేర్చుకుంటేనే చేతిలో నిలబడుతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్ని డిమినిష్డ్ ఒక్కటే వేసి చేయి తీసేయనివ్వను. తర్వాతి కార్డ్ కూడా మోగాల్సిందే.

సి ని స అనుకోండి, అంటే ఒకటి శ్రుతి. శంకరాభరణం స్వరాలన్నీ తెల్ల మెట్ల మీదే ఉంటాయి. ఆ ఏడు స్వరాల్లో ఒకటి విడిచి ఒకటి పట్టుకుంటూ కార్డ్‌లు కడితే మూడు మేజర్లు, మూడు మైనర్లు వస్తాయి, ఒక్కటే డిమినిష్డ్ వస్తుంది. అది కాకలి నిషాదం మీద నిలబడింది. ని, రి, మ. మెట్ల పేర్లతో బి, డి, ఎఫ్. తెల్లవీ నల్లవీ కలిపి లెక్కపెడితే బి నుంచి మూడో మెట్టు డి, డి నుంచి మూడో మెట్టు ఎఫ్. మూడు, మూడు. డిమినిష్డ్ అంటే ఇంతే.

ఇందులో అసలు పని చేసేవి ని, మ. నాకు ఇది అర్థమయ్యేలా చేసింది మా గురువుగారు. ఆయన ఇంట్లో ఒక పాత కాలి హార్మోనియం ఉండేది. కాళ్లతో తొక్కుతూ ఎడమ చేత్తో ఎఫ్, కుడి చేత్తో బి నొక్కి పట్టుకునేవారు. రెండే స్వరాలు. గాలి అందుతున్నంతసేపు మోగుతూనే ఉండేవి. ఆయన ఏమీ చెప్పేవారు కాదు, వేళ్లు తీయకుండా నా వంక చూసేవారు. ఆ మోత వింటూ ఊరికే కూర్చోవడం నాకు కష్టంగా ఉండేది, గొంతు దానంతటదే స మీదకి వెళ్లిపోయేది. నేను స అనగానే ఆయన కుడి చేతి వేలు బి మీద నుంచి సి మీదకి జరిగేది. తర్వాత గ పాడే దాకా ఎడమ చేతి వేలు ఎఫ్ మీదే ఉండేది. గ అన్నాక ఇ మీదకి దిగేది. అప్పుడు గానీ కాళ్లు ఆపేవారు కాదు. నెల రోజులు ఇదే పాఠం. పన్నెండు స్కేళ్లలోనూ ఇదే.

మీరు గాత్రం నేర్చుకున్నారు కాబట్టి ఇది మీకు కొత్త కాదు. ఆరోహణలో ని పాడేటప్పుడు గొంతు స ని తాకుతూనే ఉంటుంది కదా. పియానోలో గమకం లేదు, మెట్టు నొక్కితే స్వరం ఉన్నచోటే ఉంటుంది. గమకం చేసే ఆ లాగుడుని పియానో మీద డిమినిష్డ్ కార్డ్ చేస్తుంది. ని పైకి లాగుతుంది, మ కిందకి లాగుతుంది. మధ్యలో రి ఉంది, అది స కి దిగినా సరే, గ కి ఎక్కినా సరే.

ఇప్పుడు ఇన్వర్షన్లు. మీకు మేజర్ ఇన్వర్షన్లు వచ్చు కాబట్టి పని సగం పైన అయిపోయినట్టే. ఏ మేజర్ కార్డ్ అయినా తీసుకుని, అందులో రూట్ మెట్టు ఒక్కటి పక్క మెట్టుకి పైకి జరపండి. డిమినిష్డ్ వచ్చేస్తుంది. సి మేజర్ సి, ఇ, జి. అందులో సి ని సి షార్ప్ చేస్తే సి షార్ప్ డిమినిష్డ్. ఫస్ట్ ఇన్వర్షన్‌లో ఇ, జి, సి పట్టుకుని ఉంటే పైనున్న సి ని జరపండి, సి షార్ప్ డిమినిష్డ్ ఫస్ట్ ఇన్వర్షన్. సెకండ్‌లో జి, సి, ఇ పట్టుకుని ఉంటే మధ్యలో సి ని జరపండి. ఒక్క వేలి పని. మిగతా రెండు వేళ్లూ కదలవు. ఇలా పన్నెండు మేజర్లకీ చేస్తే పన్నెండు డిమినిష్డ్‌లు, మూడేసి పొజిషన్లు, మొత్తం 36 ఆకారాలు కొత్తగా ఏదీ బట్టీ పట్టకుండా చేతిలోకి వస్తాయి.

రెండో ఉపాయం కళ్లకి సంబంధించింది. మీరు ఏదో ఒక డిమినిష్డ్ ఇన్వర్షన్ మీద చేయి పెట్టారు, అందులో రూట్ ఏదో మర్చిపోయారు. అప్పుడు వేళ్ల మధ్య ఖాళీలు చూడండి. బి, డి, ఎఫ్‌లో ఖాళీలు రెండూ సమానం, రూట్ కిందే ఉంది. డి, ఎఫ్, బి వేస్తే కింద చిన్న ఖాళీ, పైన పెద్ద ఖాళీ. ఎఫ్, బి, డి వేస్తే పెద్ద ఖాళీ కిందకి వచ్చింది. ఆ పెద్ద ఖాళీకి సరిగ్గా పైన ఉన్న మెట్టే రూట్. రెండు ఇన్వర్షన్లలోనూ చూసుకోండి, ఆ మెట్టు బి యే. ఇది పన్నెండింటికీ వర్తిస్తుంది. ఎఫ్ షార్ప్, ఏ, సి ని తిప్పి ఏ, సి, ఎఫ్ షార్ప్ వేశారనుకోండి, సి కీ ఎఫ్ షార్ప్‌కీ మధ్య పెద్ద ఖాళీ, దాని పైన ఎఫ్ షార్ప్. ఆ మెట్టు ని, దాని పక్కనున్న జి మీద స ఉంది. ఎక్కడికి వెళ్లాలో కూడా చేతిలోనే కనిపిస్తోంది చూడండి.

ఈ పెద్ద ఖాళీ ఆరు మెట్లు. స్థాయిలో పన్నెండు మెట్లు కదా, సరిగ్గా సగం. ని నుంచి మ ఎంత దూరమో, ఆ మ నుంచి పై ని కూడా అంతే దూరం. మేజర్ కార్డ్‌లో ఇలాంటి సమానమైన చీలిక ఎక్కడా ఉండదు. మేజర్‌కి అలవాటు పడిన వేళ్లు డిమినిష్డ్ ఇన్వర్షన్ దగ్గర తడబడటానికి కారణం కూడా ఇదే. వేళ్లు ఐదు మెట్ల ఖాళీకి సిద్ధమై వెళ్తాయి, అక్కడ ఆరు ఉంటుంది, పక్క మెట్టు మీద పడతాయి. తప్పు మీ వేళ్లది కాదు, నేర్చుకున్న అలవాటుది.

కుడి చేతి వేళ్లు రూట్ పొజిషన్‌లో బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు. ఫస్ట్ ఇన్వర్షన్‌లో మధ్యవేలికి బదులు చూపుడువేలు వాడండి, పై ఖాళీకి చేయి తెరుచుకుంటుంది. సెకండ్‌లో మళ్లీ మధ్యవేలు. నల్ల మెట్లు ఎక్కువున్న కార్డ్‌లలో చేతిని కొంచెం లోపలికి, మూత వైపు జరపండి. మణికట్టు వంకర పోతోందంటే వేళ్లు కాదు, చేయి మొత్తం తప్పు చోట ఉందని అర్థం.

మూడు పొజిషన్లలో ఏది మంచిదని అడిగితే ఫస్ట్ ఇన్వర్షన్ అంటాను. నాలుగు గొంతులకి రాసిన పాశ్చాత్య కీర్తనలు చూస్తే, మూడు స్వరాల డిమినిష్డ్ వచ్చిన చోట బేస్‌లో చాలావరకు రి ఉంటుంది. ని ని కింద పెడితే లాగుడు మరీ గట్టిగా వినిపిస్తుంది, చెవికి పట్టు దొరకదు. రి కింద ఉంటే అదే కార్డ్ మెత్తగా నడుస్తుంది. బేస్ స, రి, గ అని మెట్లెక్కినట్టు వెళ్లేచోట మధ్యలో ఈ రి మ ని పెట్టి చూడండి. ఎడమ చేత్తో సి, డి, ఇ ఒక్కొక్క స్వరమే, కుడి చేత్తో సి మేజర్, తర్వాత ఎఫ్ బి డి, మళ్లీ సి మేజర్. ఈ మూడు కార్డ్‌లు ఇవాళే వేసి వినండి. మిగతా సమాధానం తర్వాత చదివినా ఫర్వాలేదు.

ఒక జాగ్రత్త. ఈ కార్డ్‌లో ఒక స్వరాన్ని రెండు చోట్ల వేయాల్సి వస్తే రి ని వేయండి, ని ని వద్దు. రెండు ని లు ఉంటే రెండూ స కే పరిగెత్తుతాయి, వినడానికి బాగోదు.

ఇక నాలుగు స్వరాల డిమినిష్డ్, డిమ్ సెవెన్ అంటారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. ని, రి, మ పైన ధ కలపండి. ఏ ధ కలుపుతామన్నదే ఇక్కడ కీలకం. శంకరాభరణంలో చతుశ్రుతి ధైవతం ఉంది, కీబోర్డు మీద అది ‘ఏ’ (A) అనే మెట్టు. బి, డి, ఎఫ్, ఏ. దీన్ని హాఫ్ డిమినిష్డ్ అంటారు, ఖాళీలు మూడు, మూడు, నాలుగు. కీరవాణిలో శుద్ధ ధైవతం, ఏ ఫ్లాట్, అంటే ఏ కి ఒక మెట్టు కింద. బి, డి, ఎఫ్, ఏ ఫ్లాట్. మూడు, మూడు, మూడు. ఇది పూర్తి డిమినిష్డ్. రెండింటి తేడా మీరు గొంతుతో పాడగలరు, రెండు రాగాల్లోనూ ని రి మ ధ పాడి చూసుకోండి. హాఫ్ డిమినిష్డ్ గురించి ఇవాళ ఇంతకన్నా అక్కర్లేదు, అది ఎక్కువగా మైనర్ పాటల్లో వస్తుంది, దానికి వేరే రోజు కావాలి.

పూర్తి డిమినిష్డ్‌లో నాలుగో ఖాళీ కూడా చూడండి. ఏ ఫ్లాట్ నుంచి పై బి కి మళ్లీ మూడే. అంటే స్థాయిని నాలుగు సమాన ముక్కలు చేశాం. దీన్ని ఎన్నిసార్లు తిప్పినా ఖాళీలు మారవు, మూడు మూడు మూడే. ఇన్వర్షన్ వేస్తే చేతి ఆకారం మారని కార్డ్ ఇది. గ్రహభేదం మీరు వినే ఉంటారు. మోహనంలో రి ని స చేస్తే మధ్యమావతి, గ ని స చేస్తే హిందోళం వస్తాయి. ఈ నాలుగు స్వరాలకి గ్రహభేదం చేస్తే ఏ స్వరాన్ని స చేసినా మళ్లీ అదే వరస వస్తుంది. సి మీద పెట్టి చూస్తే స, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, చతుశ్రుతి ధైవతం. ధర్మవతిలో ఈ నాలుగూ ఉన్నాయి. మీరు చదివిన కళాశాలకి తొలి ప్రిన్సిపాల్‌గా చేసిన బాలమురళీకృష్ణ గారు నాలుగే స్వరాలతో లవంగి రాగం కట్టారు కదా, అందులో స్వరాలు వేరు గానీ, నాలుగు స్వరాల్లో ఎంత ఉంటుందో మీకు విడిగా చెప్పక్కర్లేదు.

మెట్లు పన్నెండే కాబట్టి, నాలుగేసి చొప్పున పంచితే ఇలాంటి గుంపులు మూడే వస్తాయి.

సి, ఇ ఫ్లాట్, జి ఫ్లాట్, ఏ. రెండు తెలుపు, రెండు నలుపు.
సి షార్ప్, ఇ, జి, బి ఫ్లాట్. ఇందులోనూ రెండు తెలుపు, రెండు నలుపు, కాకపోతే నలుపు రెండు చివర్లా ఉంది.
డి, ఎఫ్, ఏ ఫ్లాట్, బి. మూడు తెలుపు, ఒకటి నలుపు.

అంతే, నాలుగోది లేదు. ఏ డిమ్ సెవెన్ పేరు చూసినా ఈ మూడింట్లో ఒకటి. వేళ్లు బొటనవేలు, చూపుడు, మధ్యవేలు, చిటికెన. వెడల్పు తొమ్మిది మెట్లే, పదేళ్ల పిల్లల చేతికి కూడా అందుతుంది. మూడు స్వరాల ఇన్వర్షన్లకన్నా ఇవే తేలికని నా విద్యార్థులు చాలామంది అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది.

పేర్ల గందరగోళం కూడా ఇక్కడే తీరుతుంది. ఒక షీట్‌లో జి షార్ప్ డిమ్ అని, ఇంకో షీట్‌లో బి డిమ్ అని ఉంది, రెండూ ఒకేలా మోగుతున్నాయి, ఏది తప్పు అని అడిగారు. ఏదీ తప్పు కాదు. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే మెట్టు కదా. రాగాన్ని బట్టి పేరు మారుతుంది, మెట్టు మారదు. ఇక్కడా అంతే. ఈ కార్డ్ ‘ఏ’ మైనర్‌కి (A minor) వెళ్తుంటే జి షార్ప్ నిషాదం అవుతుంది, అందుకని జి షార్ప్ డిమ్ అని రాస్తారు. సి కి వెళ్తుంటే బి నిషాదం అవుతుంది, అందుకని బి డిమ్. పేరు పెట్టేది వెళ్లే ఊరిని బట్టి. అయితే చాలా కార్డ్ షీట్లలో డిమ్ అని మాత్రమే రాసి నాలుగు స్వరాలు వేయాలని ఉద్దేశిస్తారు, అది గుర్తుంచుకోండి. అనుమానం వస్తే మూడు స్వరాలే వేయండి, పాటతో గొడవ రాదు.

ఇది నేను ఎలా నేర్చుకున్నానో చెప్పాలి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక పెళ్లి రిసెప్షన్‌లో వాయిస్తున్నాను. అప్పటికి నాకు ట్రాన్స్‌పోజ్ బటన్ అలవాటు. గాయకుడు ఏ శ్రుతి చెప్పినా బటన్‌తో సర్దుకుని, చేత్తో సి లోనే వాయించేదాన్ని. ఆ పాట రెండున్నర శ్రుతి, అంటే ఇ ఫ్లాట్. ట్రాన్స్‌పోజ్ మూడు పెట్టాను, పాట సాగుతోంది. మధ్యలో కరెంటు పోయింది. తబలా ఆగలేదు, గాయకుడూ ఆపలేదు. జనరేటర్ వేశారు, కీబోర్డు వెలిగింది, ట్రాన్స్‌పోజ్ మాత్రం సున్నాకి వచ్చేసింది. పాట మధ్యలో బటన్లు నొక్కుతూ కూర్చునే సమయం లేదు. ఇ ఫ్లాట్, ఏ ఫ్లాట్, బి ఫ్లాట్ మేజర్లు ఎలాగో దొరికాయి. చరణం చివర డిమినిష్డ్ వచ్చే చోట నా చేయి ఆగిపోయింది. ఆ స్కేల్‌లో ఏది వేయాలో తెలియలేదు. రెండు మాత్రలు ఖాళీగా పోయాయి, గాయకుడు తల తిప్పి చూశాడు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా కీబోర్డు ముందు కూర్చున్నాను. ఇ ఫ్లాట్ కి ని అంటే డి. డి మీద మూడు మూడు లెక్కపెట్టాను. డి, ఎఫ్, ఏ ఫ్లాట్, బి. సి స్కేల్‌లో నేను రోజూ వాయించే బి, డి, ఎఫ్, ఏ ఫ్లాట్ అవే మెట్లు. నాకు తెలియదనుకున్న కార్డ్ మీద నా చేయి పదేళ్లుగా ఉంది. సి కి వెళ్లేటప్పుడు బి పైకెక్కుతుంది, ఇ ఫ్లాట్‌కి వెళ్లేటప్పుడు డి పైకెక్కుతుంది, అంతే తేడా. ఆ రాత్రి తర్వాత, నేర్చుకునేటప్పుడు ట్రాన్స్‌పోజ్ బటన్ వాడకూడదని నిర్ణయించుకున్నాను, నా దగ్గరికొచ్చే పిల్లలకీ మొదటి మూడేళ్లు అదే నియమం. మీకూ అదే చెప్తున్నాను. డిసెంబరులో అవసరమైతే వాడండి, ఇంట్లో సాధనకి వద్దు. బటన్ అలవాటైనవాళ్లకి బి డిమ్, జి షార్ప్ డిమ్ తప్ప మిగతావి అంత తేలిగ్గా చేతికి రావు.

ఇదే కార్డ్ ఇంకెక్కడెక్కడికి వెళ్తుందో చూడటానికి ఒక సాధన ఉంది. బి, డి, ఎఫ్, ఏ ఫ్లాట్ పట్టుకోండి. ఏ ఫ్లాట్‌ని ఒక్క మెట్టు దించండి, జి సెవెన్ అయింది, సి కి వెళ్లండి. మళ్లీ మొదటికి వచ్చి ఎఫ్‌ని ఇ కి దించండి, ఇ సెవెన్ అయింది, ఏ మైనర్‌కి వెళ్లండి. డి ని డి ఫ్లాట్‌కి దించితే డి ఫ్లాట్ సెవెన్, జి ఫ్లాట్‌కి. బి ని బి ఫ్లాట్‌కి దించితే బి ఫ్లాట్ సెవెన్, ఇ ఫ్లాట్‌కి. నాలుగు వేళ్లలో ఏ వేలు దిగిందో దాన్ని బట్టి నాలుగు ఊళ్లు. పాటల మధ్య ఆపకుండా స్కేల్ మార్చాల్సి వస్తే ఇంతకన్నా తేలికైన దారి నేను చూడలేదు.

పాటలో ఎక్కడ వేయాలన్నది మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. చర్చి పాటల్లో ఎక్కువ పనికొచ్చేది బేస్ మ నుంచి ప కి నడిచే చోటు. సి స్కేల్‌లో ఎఫ్ మేజర్ వచ్చి, తర్వాత సి మేజర్ వస్తోందనుకోండి. ఎడమ చేత్తో ఎఫ్, కుడి చేత్తో ఏ, సి, ఎఫ్. తర్వాత ఎడమ చేయి ఎఫ్ షార్ప్, కుడి చేతిలో ఏ, సి అలాగే ఉంచి పైన ఎఫ్‌ని ఇ ఫ్లాట్‌కి దించండి. తర్వాత ఎడమ చేయి జి, కుడి చేతిలో ఏ దిగి జి అవుతుంది, సి కదలదు, ఇ ఫ్లాట్ ఎక్కి ఇ అవుతుంది. బేస్ శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం, పంచమం అని ఎక్కుతుంటే, పైన వేళ్లు ఒకటి రెండు మెట్లే జరుగుతున్నాయి. పాట చివరి లైనులో జనం గొంతు పెంచే చోట దీన్ని నెమ్మదిగా వేస్తే గుడి నిండుతుంది. నేను ఇరవై ఏళ్లుగా వేస్తున్నాను, ఇప్పటికీ ఆ ఎఫ్ షార్ప్ మీద వేలు పెట్టినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది.

సి నుంచి డి మైనర్‌కి వెళ్లేటప్పుడు మధ్యలో సి షార్ప్ డిమ్, జి నుంచి ఏ మైనర్‌కి వెళ్లేటప్పుడు మధ్యలో జి షార్ప్ డిమ్ కూడా ఇదే కోవ. పైన చెప్పిన ఒక్క వేలు జరిపే ఉపాయమే ఇక్కడ సంగీతంగా మారుతోంది. ఎప్పుడూ బలం లేని మాత్ర మీద వేయండి, గమ్యం కార్డ్ బలమైన మాత్ర మీద పడాలి. తిరగేస్తే పాట కుంటుతుంది.

వేయకూడని చోటు కూడా తెలియాలి. మన తెలుగు క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి. వాయించే ముందు అది చదవండి. మోహనం అని ఉంటే అందులో మ లేదు, ని లేదు, డిమినిష్డ్ జోలికి వెళ్లకండి, పాట రంగు పోతుంది. కల్యాణిలో మధ్యమం ప్రతి మధ్యమం కాబట్టి ని రి మ డిమినిష్డ్ అవదు, మైనర్ అవుతుంది. అక్కడ డిమినిష్డ్ మ ధ స మీద ఉంటుంది, అది ప వైపు లాగుతుంది. కీరవాణి అయితే ని రి మ ధ తృప్తిగా వేయొచ్చు.

సాధన విషయానికి వస్తే రోజుకి పది నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. మొదటి వారం ఎఫ్, బి రెండే స్వరాలు వేసి స, గ లకి వెళ్లడం. పాడుతూ చేయండి. సి తర్వాత జి, ఎఫ్, డి స్కేళ్లు చాలు. వాటి డిమినిష్డ్‌లు ఎఫ్ షార్ప్, ఇ, సి షార్ప్ మీద ఉంటాయి. రెండో వారం మూడు స్వరాలు, మూడు పొజిషన్లు, ప్రతి పొజిషన్ నుంచీ గమ్యానికి. మూడు స్వరాల నుంచి వెళ్తే ప మోగదు, కార్డ్ బోసిగా అనిపిస్తుంది, అందుకని ఎడమ చేత్తో స, ప కలిపి వేయండి. మూడో వారం నాలుగు స్వరాలు. ని స కి, మ గ కి, ధ ప కి, రి స కి గానీ గ కి గానీ. ఈసారి కార్డ్ పూర్తిగా వస్తుంది. మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి, ఒక్కో కార్డ్‌కి నాలుగు మాత్రలు ఇవ్వండి. నాలుగో మాత్ర మీద చేయి లేపి, తర్వాతి పొజిషన్ గాలిలోనే తయారుచేసుకుని దిగండి. మెట్ల మీద వెతుక్కోవడం అలవాటైతే అదే నేర్చుకుంటాం.

పెడల్ వాడుతుంటే డిమినిష్డ్ నుంచి గమ్యానికి మారే క్షణంలో తప్పకుండా వదిలి మళ్లీ తొక్కండి. లేకపోతే ని, స రెండూ కలిసి మోగి, లాగుడు తీరిన హాయి వినపడదు. ఎడమ చేత్తో మంద్ర స్థాయిలో డిమినిష్డ్ మూడు స్వరాలూ దగ్గర దగ్గరగా వేయకండి, అంత కింద బురద బురదగా వినిపిస్తుంది. కింద ఒక్క స్వరం, కార్డ్ అంతా మధ్య స్థాయిలో. స్టైల్ (కీబోర్డు దానంతటదే వాయించే తాళం, బేస్) వేసి వాయించేవాళ్లకి ఇంకో మాట. నా కీబోర్డు డిమ్ సెవెన్‌లో అన్నిటికన్నా కింది మెట్టునే రూట్‌గా తీసుకుని బేస్ వాయిస్తుంది. ఖాళీలన్నీ సమానమైనప్పుడు దానికి మాత్రం రూట్ ఎలా తెలుస్తుంది? అందుకని బేస్‌లో ఏది కావాలో అదే కింద పెట్టండి.

డిసెంబరుకి మీరు వాయించే పాటల్లో మూడు పాటలు ఎంచుకుని, రాగం, శ్రుతి, ఇప్పుడు వేస్తున్న కార్డ్‌లు వరసగా ఇక్కడ రాయండి. ఏ లైనులో ఏ ఇన్వర్షన్ పడుతుందో, ఏ వేలు కదలకుండా ఉంచాలో పాట పాటకీ చెప్తాను. అందాకా ఆ ఎఫ్, ఎఫ్ షార్ప్, జి నడక ఒక్కటి రోజూ వేస్తూ ఉండండి.